చట్టమును పేర్కొను తీరు: అపోహలు – వాస్తవములు

సర్కారు కాగితమున చట్టము పేరు పేర్కొనుట అలంకారము కొఱకు కాదు. ఆ కాగితములోని ఉత్తరువునకు అధికారము ఎచ్చటినుండి సంక్రమించినదో, దానిపై మొఱపెట్టుకొనవలసిన చోటు ఏదో పౌరునకు తెలుపుట కొఱకు. అయినను ఒక ఫైలునుండి మఱియొక ఫైలునకు నకలగుచు వచ్చిన అపోహలు కొన్ని కార్యాలయములలో నేటికిని నిలిచియున్నవి.

అపోహ: సెక్షను అంకె వేసిన చాలును.

వాస్తవము: సమాచారము కోరి దరఖాస్తు పెట్టుకొన్న రైతునకు “సెక్షను 8 ప్రకారము ఇవ్వ వీలుపడదు” అను ఒంటివాక్యపు జవాబు వచ్చినదనుకొందము. సమాచార హక్కు చట్టము, 2005లోని 8(1) ఉపసెక్షనున (ఎ) మొదలు (జె) వఱకు పది ఖండములు కలవు. వానిలో ఒకటి వ్యాపార రహస్యములను గూర్చినది, ఒకటి నేరపరిశోధనను గూర్చినది, వేఱొకటి మంత్రివర్గ పత్రములను గూర్చినది. ఊరిపేరు వ్రాసి ఇంటి నంబరు మఱచిన కార్డువంటి ఆ జవాబును పట్టుకొని రైతు దేనిపై అప్పీలు చేయగలడు? నిరాకరణకు కారణమును, అప్పీలు గడువును, అప్పీలు అధికారి వివరములను తెలుపవలెనని అదే చట్టపు 7(8) విధించుచున్నది గనుక, “8(1)(హెచ్)” అని ఖండము వఱకు వ్రాసి, అది ఏల వర్తించునో చెప్పుటయే ధర్మము.

అపోహ: చట్టము సంఖ్య ఉన్నచో సంవత్సరముతో పనిలేదు.

వాస్తవము: చట్టముల సంఖ్య ఏటేట ఒకటితో మొదలగును. ఇండియన్ పీనల్ కోడు 1860లోని 45వ చట్టము. దానిని తొలగించి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 2023లోని 45వ చట్టము. ఉత్త “45వ చట్టము” అన్నచో రద్దయినదో, రద్దుచేసినదో ఎఱుగుట ఎట్లు? పేరుతోగాని, సంఖ్యా సంవత్సరములు రెంటితోగాని పేర్కొనవచ్చునని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టపు 28వ సెక్షను చెప్పుచున్నది.

అపోహ: పేరులోని సంవత్సరమే అమలునకు వచ్చిన సంవత్సరము.

వాస్తవము: న్యాయ సంహిత పేరున 2023 ఉన్నను, అమలునకు వచ్చినది 2024 జూలై 1న. కావున ఆ తేదీకి పూర్వము జరిగిన మోసమునకు పాత కోడులోని 420, పిదప జరిగినదానికి సంహితలోని 318(4) వ్రాయవలెను. చూడవలసినది నేరము జరిగిన తేదీ, కాగితము వ్రాసిన తేదీ కాదు.

అపోహ: 2014లో ఏర్పడిన తెలంగాణమునకు 1982 నాటి చట్టముండుట అచ్చుతప్పు.

వాస్తవము: ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టపు 101వ సెక్షను ఇచ్చిన అధికారముతో ఉమ్మడి రాష్ట్రపు చట్టములను తెలంగాణము అన్వయించుకొన్నపుడు పేరు మాఱినదేగాని సంఖ్యయు సంవత్సరమును మాఱలేదు. కనుకనే “తెలంగాణ విద్యా చట్టము, 1982 (1982లోని 1వ చట్టము)” అనుట ఒప్పు.

అపోహ: సెక్షను తప్పుపడిన ఉత్తరువు దానంతట చెల్లదు.

వాస్తవము: అధికారము నిజముగా ఉన్నచో, తప్పు సెక్షను పేర్కొన్నంతమాత్రమున ఉత్తరువు చెడదని సుప్రీంకోర్టు పలుమాఱులు తీర్పుచెప్పినది, లేని అధికారము సరియైన సెక్షను వ్రాసినంతనే పుట్టదు కూడ. అయినను ఆ తీర్పు గుమస్తా అజాగ్రత్తకు ఆసరా కారాదు. తప్పు వ్రాసినవాని ఉత్తరువు కోర్టులో నిలువవచ్చును. నిలుచునో లేదో తెలిసికొనుటకు వకీలు ఫీజు చెల్లించి, వాయిదాలకు తిరుగవలసినవాడు మాత్రము ఆ రైతే.