పిల్లి గెంతడం మానేసిందా? వయసు మీదికి నెట్టేయకండి

ఢిల్లీ చలికాలంలో ముసలి పిల్లి అల్మారా ఎక్కడం మానేస్తే చలికేమో అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం కీళ్ల నొప్పి. అమెరికాలో 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు పరిశీలిస్తే 90 పిల్లుల్లో కీళ్ల అరుగుదల కనిపించింది. ఈ ఫలితాలు 2002లో వెలువడ్డాయి. రెండు వైపులా కీళ్లు అరిగితే పిల్లి కుంటుతూ నడవదు, అందుకే మనకు తెలియదు. గెంతబోయి తటపటాయిస్తుంది, కుర్చీ మీదుగా అంచెలంచెలుగా ఎక్కుతుంది.

మధుమేహంలో నరాలు దెబ్బతిన్నా గెంతలేదు. ఉన్నట్టుండి వెనక కాళ్లు చచ్చుబడి చల్లబడితే మాత్రం ఆలస్యం కూడదు. రక్తపు గడ్డ ధమనికి అడ్డుపడి ఉండవచ్చు.

నొప్పి కదా అని పారాసిటమాల్ మాత్రం వేయకండి. దాన్ని విషరహితం చేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు.

ఆస్పత్రిలో బెదిరిన పిల్లి గెంతి చూపించదు. ఇంట్లో వీడియో తీసి పశువైద్యుడికి చూపించండి.