వాలుగ: మన పేరు మోస్తున్న చేప

పుదుచ్చేరి వెళ్లినప్పుడు తేంగాయితిట్టు చేపల రేవు చూడండి. బుట్టల్లో మీసాలున్న జెల్లలు కనబడితే వాటిని వాలుగలనుకోకండి. అక్కడ అరియాంకుప్పం ఏరు సముద్రంలో కలుస్తుంది. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు లోపలికి ఎక్కుతుంది. మడచెట్లకూ సముద్రపు జెల్లలకూ అది అనువైన చోటు. వాలుగ అసలు నివాసం మాత్రం మంచినీరు. పుదుచ్చేరి పాలనలోనే ఉన్న తెలుగు ఊరు యానాం నుంచి గోదావరి వెంట ఎగువకు వెళితే, ఉప్పు తగలని లోతు మడుగుల్లో అది దొరుకుతుంది.

వాలుగకు పొలుసులుండవు. ఒళ్లు పక్కలకు నొక్కినట్లు బద్దలా ఉంటుంది. నోటి చీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది. మీటరు దాటి పెరిగే ఈ చేప బురద అడుగున, గట్టు కింది బొరియల్లో నక్కి ఉండి చిన్న చేపల్ని పడుతుంది. మరి బురదనీటిలో కళ్లేం కనిపిస్తాయి? అందుకే మీసాలు. వాటిమీద మన నాలుకపై ఉన్నట్లే రుచి మొగ్గలుంటాయి.

దీని శాస్త్రీయనామం 'వల్లగో అట్టు'. అట్టంటే మనం తినే అట్టు కాదు! 1801లో వెలువడిన బ్లోఖ్, ష్నైడర్‌ల గ్రంథంలో ఆ మాట చేరింది. మలయాళీలు ఈ చేపను 'ఆట్టువాళ', అంటే ఏటి వాళ అంటారు. ఆ పిలుపే వినిపించడం లేదూ? ఇక 'వల్లగో' మన వాలుగే. విశాఖపట్నం చేపల మీద పాట్రిక్ రస్సెల్ 1803లో ప్రచురించిన పుస్తకంలో ఈ తెలుగు పేరుంది. 1851లో డచ్చి శాస్త్రజ్ఞుడు బ్లీకర్ దాన్ని ప్రజాతి పేరు చేశాడు.

ఇంత పేరున్న చేపకు ఇప్పుడు చిక్కు వచ్చింది. వానాకాలంలో ఏరు పొంగి పల్లపు నేలల మీదికి పరుచుకున్నప్పుడు వాలుగలు ఆ లోతు తక్కువ నీటికి చేరి గుడ్లు పెడతాయి. ఆనకట్టలు, కరకట్టలు ఆ దారిని మూసేస్తున్నాయి. కొల్లేరులో పల్లపు నీటిని చేపల చెరువులు ఆక్రమించాయి. పైగా గుడ్లతో నిండిన తల్లిచేపలు తేలిగ్గా వలకు చిక్కేదీ ఆ రోజుల్లోనే. 2019లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వాలుగను అంతరించే ముప్పున్న 'వల్నరబుల్' జాతుల్లో చేర్చింది.

బొచ్చె, శీలావతిలాగా చెరువులో పెంచుకోవచ్చు కదా అంటారేమో. పెంపకందారుకు వాలుగ శత్రువు, అతని చేపపిల్లల్నే తినేస్తుంది. విడిగా పెంచినా దాని పిల్లలు ఒకదాన్నొకటి మింగుతాయి.