మార్త చేతిలో పని

లూకా సువార్త పదో అధ్యాయం చివర, 38 నుంచి 42 వరకు ఐదే వచనాల్లో, ఒక ఇంటి సంగతి ఉంది. మార్త యేసును ఇంట చేర్చుకుని మర్యాదల పనిలో మునిగిపోయింది. ఆమె తోబుట్టువు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వింటోంది.

ఈ భాగం మీద ప్రసంగం చెబితే మార్తకు చీవాట్లు తప్పవు. వినే స్త్రీలలో చాలామంది చీకటితో లేచి, వంట ముగించి, పిల్లలకు తలలు దువ్వి మందిరానికి వచ్చినవారు. ఆ చీవాట్లు వారికి న్యాయంగా తోచవు. నాకూ తోచవు. ఆ ఇంటి పనిని లూకా ‘దియాకోనియా’ అన్నాడు, అంటే పరిచర్య. అపొస్తలుల కార్యాల ఆరో అధ్యాయంలో వాక్యపరిచర్యకు కూడా ఆయన వాడిన మాట అదే.

మరి తప్పెక్కడ జరిగింది? మార్త స్థితిని చెప్పడానికి లూకా ఒక గ్రీకు క్రియ వాడాడు: ‘పెరిస్పావో’. మనిషిని నలువైపులకూ గుంజడం అని దాని భావం. కొత్త నిబంధనలో ఆ క్రియ మరెక్కడా రాదు. దానికి వ్యతిరేకార్థం ఉన్న మాటను పౌలు 1 కొరింథీయులకు 7:35లో వాడాడు, ఏ గుంజాటనా లేకుండా ప్రభువును అంటిపెట్టుకుని ఉండాలని చెప్పడానికి.

ఆ గుంజాటన ఎలా ఉంటుందో ఒక ప్రేమవిందు రోజున తెలిసింది. మందిరం వెనక రేకుల షెడ్డులో పప్పు గిన్నె దగ్గర నన్ను నిలబెట్టారు. ఉప్పు సరిపోయిందా, విస్తళ్లు చాలతాయా, పెరుగు ఇంకా రాలేదేం? ప్రసంగం మైకులో గట్టిగానే వినబడుతోంది, ఒక్క మాటా తలకెక్కలేదు. నా పక్కనే కత్తిపీట ముందు ఉల్లిపాయలు తరుగుతున్న పెద్దావిడ మాత్రం ప్రసంగికుని ప్రతి మాటకూ తలూపుతోంది, ప్రార్థన ముగియగానే చెయ్యి ఆపి ‘ఆమేన్’ అంది. పని ఇద్దరికీ ఉంది. నేను మాత్రమే పనిలో తప్పిపోయాను.

ఇక మార్త ఫిర్యాదును చూడండి. తోబుట్టువును మందలించమని ఆమె యేసునే అడిగింది. ఎవరి కోసం పని మొదలుపెట్టిందో, చివరికి ఆయనకే పని పురమాయించింది. దేవుని కోసం మొదలైన పని దేవుణ్ణి పక్కకు నెట్టేది ఇలాగే. సంఘపు పనుల్లో తలమునకలైనవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువని నా నమ్మకం.

యేసుకూ తీరిక లేదు. మార్కు మొదటి అధ్యాయం ప్రకారం, కపెర్నహూములో సూర్యుడు అస్తమించాక రోగులను తెచ్చారు, పట్టణమంతా ఆయన ఉన్న ఇంటి వాకిట కూడింది. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే ఆయన లేచి ఏకాంత స్థలానికి వెళ్లి ప్రార్థించాడు. శిష్యుడు సీమోను వెతుక్కుంటూ వచ్చి, అందరూ నీ కోసం చూస్తున్నారని చెప్పాడు. నిజమైన అవసరమే అది. అయినా ఆయన పక్క ఊళ్లకు వెళదామన్నాడు. ఆ రోజు చేయవలసిన పని ఏదో వాకిట ఉన్న జనం నిర్ణయించలేదు. తెల్లవారకముందు తండ్రితో గడిపిన సమయంలోనే అది తేలిపోయిందని నాకు అర్థమవుతోంది. మనం కళ్లు తెరవగానే ఫోన్ అందుకుంటే, మన రోజును వాకిట ఉన్న జనానికి అప్పగించినట్టే.

మార్త నేర్చుకుంది. సోదరుడు లాజరు చనిపోయినప్పుడు ఊరి బయటికి ఎదురెళ్లి, యేసే క్రీస్తని ఒప్పుకున్నది ఆమే. ఆ తర్వాత, పస్కా దగ్గరపడిన రోజుల్లో బేతనియలో యేసుకు విందు చేశారు. సమాధిలోంచి లేచిన లాజరు పంక్తిలో ఉన్నాడు. మరియ మళ్లీ యేసు పాదాల దగ్గరే ఉంది, ఈసారి అత్తరుతో. మార్త వడ్డిస్తోందని యోహాను రాశాడు. ఆమె నోట ఫిర్యాదేదీ రాయలేదు.