14 గంటల టైంటేబుల్ మీకెందుకు పనిచేయదు? టీచర్ అవ్వాలనుకునేవాళ్ల కోసం

ఈమధ్య చాలామంది మెసేజ్ పెడుతున్నారు: "అన్నా, డీఎస్సీకి ప్రిపేర్ అవుతున్నాం, టైం సరిపోవట్లేదు, ఒక మంచి టైంటేబుల్ చెప్పు" అని. నేను టైంటేబుల్ ఇవ్వను. దాన్ని మీరే ఎలా తయారు చేసుకోవాలో చెప్తాను.

నేను బీటెక్ అయ్యాక కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేశాను. అక్కడ ఏదైనా పని ఎప్పటికి అవుతుందో చెప్పేముందు ఒకటి చూస్తాం. టీమ్‌లో ఎవరు సెలవులో ఉన్నారు, ఎవరి నెత్తిమీద పాత పని ఉంది అని. అది చూడకుండా డేట్ చెప్తే ఆ డేట్ నిలబడదు. చదువు కూడా అంతే. హాస్టల్లో ఉండి 14 గంటలు చదివిన టాపర్ టైంటేబుల్ తప్పు కాదు. కానీ అది ఆ మనిషి పరిస్థితికి రాసుకున్నది.

మా పిన్ని కూతురి సంగతి చెప్తాను. బాబాయ్‌ది రెండెకరాల వ్యవసాయం. ఆ ఇంట్లో డిగ్రీ దాటి చదివింది చెల్లి ఒక్కతే. మ్యాథ్స్‌తో బీఈడీ చేసింది, ప్రైవేట్ స్కూల్లో చెప్తోంది, స్కూల్ అసిస్టెంట్ పోస్టు కోసం చదువుతోంది. ఆ జీతం ఇంటికి కావాలి, కాబట్టి ఉద్యోగం మానెయ్యడం కుదరదు. "అందరికీ ఉండేది 24 గంటలేగా" అని ఎవరో అంటే తను ఒకటే అంది: "అన్నా, గంటలు అందరికీ ఒకటే. అందులో మన చేతిలో ఉండేవి ఎన్ని?"

కాబట్టి మొదటి పని లెక్క. మూడు రోజులు ఏమీ మార్చకండి. ఫోన్ నోట్స్‌లో ఏ టైంకి ఏం చేశారో రాస్తూ పోండి, అంతే. చెల్లికి స్కూల్ రోజుల్లో మిగిలింది 2 గంటల 40 నిమిషాలు. అది కూడా ముక్కలుగా. బస్సులో వెళ్లేటప్పుడు 35 నిమిషాలు, వచ్చేటప్పుడు 35, రాత్రి అన్నాలయ్యాక గంటన్నర.

రెండో పని, మార్కులు ఎక్కడున్నాయో చూడటం. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకి, ఏపీలో 2025లో 16,347 పోస్టులకి డీఎస్సీ జరిగింది కదా. రెండుచోట్లా స్కూల్ అసిస్టెంట్‌కి లెక్క ఒకటే: డీఎస్సీకి 80, టెట్ వెయిటేజీ 20. డీఎస్సీలో 160 బిట్లు, ఒక్కోటి అర మార్కు. అంటే రెండు బిట్లు కరెక్ట్ అయితే ఒక మార్కు. టెట్‌లో 150 మార్కుల్ని 20కి కుదిస్తారు. అంటే అక్కడ ఏడున్నర మార్కులు పెరిగితేనే ఇక్కడ ఒకటి. టెట్‌లో 15 మార్కులు ఎక్కువ తెచ్చుకున్నా, డీఎస్సీలో నాలుగు బిట్లు ఎక్కువ పెట్టినా ఫలితం సమానం.

టెట్ వదిలెయ్యమని కాదు సుమా. అందులో స్కోరు బాగా తక్కువుంటే పెంచుకోవాల్సిందే. ఒకసారి పాసైతే అది జీవితాంతం చెల్లుతుంది కూడా. కానీ మంచి స్కోరు వచ్చాక కూడా నెలలకి నెలలు దానిమీదే కూర్చుంటే, ఉన్న ఆ 2 గంటల 40 నిమిషాలూ అక్కడే కరిగిపోతాయి. తెలంగాణ పేపర్లో 80కి 44 మార్కులు సొంత సబ్జెక్టువే. చెల్లికైతే మ్యాథ్స్.

మూడోది, ఏ ముక్కలో ఏది పెట్టాలి? బస్సులో లెక్కలు చెయ్యలేం. జీకే, కరెంట్ అఫైర్స్, మెథడాలజీ రివిజన్ చెయ్యొచ్చు. మ్యాథ్స్‌కి పెన్నూ పేపరూ కావాలి, ఫ్రెష్‌గా ఉండే బుర్ర కావాలి. రోజంతా క్లాసులు చెప్పొచ్చాక రాత్రి ఆ బుర్ర ఎక్కడినుంచి వస్తుంది? పొద్దున్నే చదవాలి. కానీ పొద్దున వంట తనదే. ఇక్కడ ఏ యాప్ పనికిరాదు. పిన్నితో మాట్లాడాలి, మాట్లాడింది. ఇప్పుడు పొద్దున వంట పిన్నిది, రాత్రి వంట చెల్లిది. రాత్రి చదువు అరగంటకి తగ్గింది, తెల్లవారుజామున గంట వచ్చింది. మొత్తం గంటలు పెరగలేదు, మ్యాథ్స్‌కి మాత్రం మంచి గంట దొరికింది. టైం మేనేజ్‌మెంట్‌లో సగం ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవడమే. ముఖ్యంగా అమ్మాయిలకి ఈ మాట ఎవరూ చెప్పరు.

నాలుగోది మీ కోర్సులోనే ఉంది. బీఈడీలో మైక్రో టీచింగ్ చేసుంటారు. మన దేశంలో వాడే పద్ధతిలో ఒక సైకిల్ 36 నిమిషాలు: 6 నిమిషాలు పాఠం, 6 ఫీడ్‌బ్యాక్, 12 మళ్లీ ప్లాన్ చేసుకోవడం, 6 మళ్లీ పాఠం, 6 మళ్లీ ఫీడ్‌బ్యాక్. గమనించారా? అన్నిటికంటే ఎక్కువ టైం ఇచ్చింది ప్లాన్‌ని సరిచేసుకోవడానికి! మనం రికార్డు రాసేసి ఇది మర్చిపోతాం. ఆదివారం ఒక పావుగంట పెట్టండి. ఈ వారం ఏది జరగలేదు, ఎందుకు జరగలేదు అని చూసి వచ్చే వారం ప్లాన్ మార్చండి. మిమ్మల్ని మీరు తిట్టుకోవడానికి కాదు, ప్లాన్‌ని దిద్దడానికి.

ఈ అలవాటు పరీక్షతో అయిపోదు. రేపు మీ క్లాసులో కూడా పొద్దున పొలానికి వెళ్లొచ్చే పిల్లాడు, తమ్ముణ్ని చూసుకుంటూ హోంవర్క్ చేసే పాప ఉంటారు. "టైం లేదు సార్" అంటే అది సాకా, నిజమా అని మీకు తెలియాలి. సొంత గంటల్ని లెక్కపెట్టుకున్న టీచర్ ముందు ఆ పిల్లల రోజు ఎలా గడుస్తుందో అడుగుతారు, ఆ తర్వాతే ఏదైనా అంటారు.

సరే, ఈరోజు నుంచే మూడు రోజుల లెక్క మొదలుపెట్టండి. మీ చేతిలో ఎన్ని గంటలున్నాయో నాకు రాయండి. తక్కువని మొహమాటపడొద్దు. మళ్లీ కలుద్దాం, ఉంటాను.