మీకు తెలుసా? బంకులో జీరోకి రాని మీటరు

"జీరో చూసుకోండి సార్" అంటాడు బంకు కుర్రాడు. చూస్తాం, డబ్బులిస్తాం, బండి తీస్తాం. అదే పంపులో ఎప్పటికీ జీరోకి రాని అంకె ఇంకొకటి ఉంటుంది. దాని పేరు టోటలైజర్. ఆ నాజిల్ గుండా పోయిన ప్రతి లీటరూ అందులో కలుస్తూనే ఉంటుంది. పాత పంపుల్లో ఇవి చిన్న గాజుపలక వెనక తిరిగే అంకెల చక్రాలు. కొత్తవాటిలో మీట నొక్కితే తెరమీద కనిపిస్తాయి.

షిఫ్టు ఎక్కేటప్పుడు ఒక రీడింగు, దిగేటప్పుడు ఒకటి రాసుకుంటారు. తేడా ఎన్ని లీటర్లో అంత సొమ్ము లెక్కకు రావాలి. తగ్గితే మేనేజరుకు జవాబు చెప్పుకోవాల్సింది ఆ కుర్రాడే. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ధరలను రోజువారీగా సవరించే పద్ధతి వచ్చాక ఉదయం 6 గంటల రీడింగుకు విలువ పెరిగింది. రేటు మారే వేళ అది రాసుకోకపోతే పాత ధరకు ఎంత పోయిందో, కొత్త ధరకు ఎంత పోయిందో తేలదు.

మీటరు చెప్పిన లెక్క నిజమో కాదో చెప్పేది భూమిలోని ట్యాంకు. అందులో డిప్ రాడ్ దించి, తడిసిన గుర్తు దగ్గర మట్టం చూస్తారు. తిరకాసంతా ఇక్కడే. ట్యాంకు అడ్డంగా పడుకోబెట్టిన పీపాలా ఉంటుంది కదా! 2 మీటర్ల వ్యాసం, 6 మీటర్ల పొడవు ఉంటే, సగం మట్టం దగ్గర ఒక సెంటీమీటరు అంటే సుమారు 120 లీటర్లు. అడుగు నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో అదే సెంటీమీటరు 52 లీటర్లే. అందుకే ప్రతి ట్యాంకుకీ దాని కొలతల పట్టిక ఉండాల్సిందే.

అయినా రెండు లెక్కలూ అచ్చంగా కలవవు. ఎండలో వచ్చిన ట్యాంకరులోని పెట్రోలు భూమిలోకి దిగి చల్లబడుతుంది. పది వేల లీటర్లు 10 డిగ్రీలు చల్లబడితే దాదాపు 100 లీటర్లు తగ్గినట్టు కనిపిస్తాయి. ఎవరూ ఎత్తుకుపోలేదు, కుంచించుకుపోయింది అంతే. కొంత ఆవిరవుతుంది కూడా. కాబట్టి కాస్త తేడా మామూలే. రోజూ ఒకే వైపు పెరుగుతూ పోతుంటే మాత్రం ట్యాంకు కారుతోందనో, మీటరు తప్పుతోందనో అనుమానించాల్సిందే.

కొలత మీద సందేహం వస్తే మీరూ అడగవచ్చు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల పాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి. అందులో కొట్టించి చూస్తే తేడా 25 మిల్లీలీటర్లు దాటకూడదు. ఆ పెట్రోలు తిరిగి ట్యాంకులోకే పోతుంది. టోటలైజర్ మాత్రం వెనక్కి తిరగదు గనక ఆ 5 లీటర్లను రిజిస్టరులో టెస్టింగ్ కింద రాసి, అమ్మకంలోంచి తీసేస్తారు. దీనికి మీరు పైసా కట్టనక్కర్లేదు, మొహమాటపడకుండా అడగండి.