అరికాళ్లలో మంట: అది దిష్టి కాదు

కొంతకాలం క్రితం చీరాలలోని మగ్గాల వీధి నుండి ఒక సోదరి మా మద్రసాకు వచ్చింది. రాత్రయితే చాలు, తన భర్త అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్లు మండుతున్నాయనీ, ఎవరి దిష్టో తగిలిందనీ, నీళ్లు ఊది ఇవ్వమనీ కోరింది. “ఆయనకు మద్యం అలవాటు ఉందా అమ్మా?” అని అడిగాను. ఆమె చాలాసేపు తల వంచుకుని, “పదిహేనేళ్ల నుండి ఉంది, హజ్రత్” అన్నది.

దుఆ చేశాను. ఆ వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్లమని కూడా చెప్పాను. ఎందుకంటే అది దిష్టి కాదు, నరాల జబ్బు.

మద్యం వల్ల కాలేయం చెడుతుందని అందరికీ తెలుసు. అది నరాలను కూడా తినివేస్తుందని తెలిసినవారు తక్కువ. శరీరంలో అతి పొడవైన నరాలు పాదాలకు చేరేవే. అందుకే హాని మొదట కాలివేళ్లలో కనిపిస్తుంది. రెండు పాదాలలోనూ చీమలు పాకినట్లుండడం, మంట, ఆపై తిమ్మిరి; క్రమంగా అది పైకి ప్రాకి, చేతివేళ్లకూ చేరుతుంది. స్పర్శ పోయాక చెప్పు జారిపోయినా తెలియదు, గాయమైనా తెలియదు. నడక తూలుతుంది. గుంట మగ్గం మీద కూర్చున్న నేతగాని కాలు, కంటితో చూడకుండానే తొక్కవలసిన చెక్కను కనుగొంటుంది. ఆ కాలికి స్పర్శ లేకపోతే నేత ఆగిపోతుంది, ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది.

దీనికి కారణాలు ప్రధానంగా రెండు. మద్యం స్వయంగా నరాలకు విషం. అంతేకాక, త్రాగేవాడు సరిగా తినడు. తిన్నదానిలోని బి1 విటమిన్‌ను, అంటే థయామిన్‌ను, మద్యం శరీరానికి అందనివ్వదు. ఈ విటమిన్ లోపం మన ప్రాంతానికి కొత్త కాదు. ఉత్తర సర్కారులలో కాళ్లను చచ్చుబడజేసిన బెరిబెరి వ్యాధిపై మాల్కంసన్ అనే సైనిక వైద్యుడు 1835లో ఒక గ్రంథమే వెలువరించాడు. బాగా పాలిష్ పట్టిన బియ్యంలో థయామిన్ చాలావరకు తవుడుతోనే పోతుంది. అలాంటి అన్నం కూడా సరిగా తినక మద్యం త్రాగేవాని గతి ఏమిటో ఊహించండి!

మధుమేహం, బి12 లోపం కూడా ఇలాంటి బాధనే కలిగిస్తాయి. కనుక పరీక్షలు అవసరం. వైద్యునితో మద్యం సంగతి దాచకూడదు. ఏళ్ల తరబడి అధికంగా త్రాగినవారు ఒక్కసారిగా మానితే మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు. అందుచేత వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి. మానితే హాని ముందుకు సాగకుండా నిలుస్తుంది. తొలిదశలోనైతే కొన్ని నెలలలో కొంత మేలు కూడా కలుగుతుంది. ఆలస్యమైతే పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

మద్యం నిషిద్ధమని దివ్యఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 90వ ఆయతు స్పష్టంగా చెబుతోంది. ఆ నిషేధం వల్లనే మన ఇళ్లలో ఈ జబ్బు సిగ్గు చాటున దాగిపోవడం విచారకరం. త్రాగి పట్టుబడిన వ్యక్తిని కొందరు దూషించినప్పుడు, మీ సోదరునికి వ్యతిరేకంగా షైతాన్‌కు సాయపడకండని దైవప్రవక్త (సఅసం) వారించారు. పాపాన్ని ద్వేషిద్దాం, రోగిని ఆసుపత్రికి నడిపిద్దాం.

ఆ సోదరి భర్త చికిత్స పొందాడు, త్రాగుడు మానాడు. మంట తగ్గింది. కుడికాలి వేళ్లలో తిమ్మిరి మాత్రం ఇంకా ఉంది. “రెండేళ్లు ముందే అడిగివుంటే బాగుండేది, హజ్రత్” అన్నదామె. ఈ మాట మరో ఇంట్లో ఆలస్యంగా వినిపించకూడదనే ఈ నాలుగు మాటలు వ్రాశాను.