స్తోత్రం చెప్పే నోరే హక్కునూ అడగాలి

అనంతసాగరం నుంచి ఆత్మకూరు, ఉదయగిరి దాకా మెట్ట పల్లెల్లోని చాలా చర్చిల్లో ఆరాధన మధ్య సాక్ష్యాలు చెప్పే సమయం ఒకటి ఉంటుంది. ఒక్కొక్కరే లేచి, గడిచిన వారంలో దేవుడు చేసిన మేలు చెప్పి, స్తోత్రమని కూర్చుంటారు. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో మొదలుపెట్టిన బాప్టిస్టు మిషన్ తర్వాతి కాలంలో ఉదయగిరి, ఆత్మకూరుల్లోనూ పని చేసింది. కాబట్టి ఇక్కడి క్రైస్తవ కుటుంబాలకు ఈ కృతజ్ఞత తరాల నాటి అలవాటు. వైకల్యంతో బతికే విశ్వాసికి ఆ అలవాటు ఊరటా కావచ్చు, మోయలేని బరువూ కావచ్చు. దేనికి వందనాలు చెబుతున్నామన్న దాన్నిబట్టే ఆ తేడా వస్తుంది. చెప్పాల్సింది అందిన మేలుకు గానీ వైకల్యానికి కాదు.

ఈ ప్రాంతంలో వైకల్యం మాట ఎత్తితే ఫ్లోరైడు మాట ఎత్తక తప్పదు. మన దేశంలో ఎముకలను పట్టే ఫ్లోరోసిస్ గురించి వైద్యులు తొలిసారి వివరంగా రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసే. తాగే నీటిలో ఫ్లోరైడుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. పెన్న మీద సోమశిల జలాశయం అనంతసాగరం మండలంలోనే ఉన్నా, ఎగువ మెట్టలో ఎన్నో ఊళ్లు ఏళ్ల తరబడి బోరునీళ్ల మీదే బతికాయి. హద్దు బాగా దాటిన నీళ్లు ఏళ్లకేళ్లు తాగినవారికి ఫ్లోరైడు ఎముకల్లో పేరుకుని వెన్ను కర్రలా బిగుస్తుంది. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. కింద కూర్చుంటే ఇంకొకరు లేపాలి. అలా బిగుసుకుపోయిన వెన్నును మళ్లీ మామూలుగా చేసే మందు లేదు. మన పల్లె చర్చిల్లో కూర్చునేది చాపల మీద. పాస్టరుగారు 'మోకరిద్దాం' అనగానే అందరూ వంగుతారు, ఆ ఒక్క మనిషి గోడ పట్టుకుని నిలబడిపోతాడు. తాగునీరు చేసిన ఈ హానికి దేవుణ్ని స్తుతించమని ఆయనకు చెప్పే అధికారం మనకెవరికీ లేదు.

అయితే కృతజ్ఞత వట్టి మాటేనా? కాదు. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే అమెరికా మనస్తత్వవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో నరాలు, కండరాల జబ్బులున్నవారు కూడా పాల్గొన్నారు. కొందరు 21 రోజులపాటు ప్రతిరోజూ తమకు జరిగిన మేళ్లను రాశారు. రాయనివారి కన్నా వాళ్ల మనసు తేలికపడింది, తోటివారు తమకు దగ్గరగా ఉన్నారన్న భావన పెరిగింది, నిద్ర మెరుగైంది. వాళ్లను జబ్బును మెచ్చుకోమని ఎవరూ అడగలేదు. స్నానానికి నీళ్లు తోడిపెట్టిన కోడలు, బస్సు ఎక్కించిన కుర్రాడు, నొప్పి తగ్గిన ఒక పూట: ఇలా పేరుపెట్టి చెప్పగలిగిన మేలుకే ఆ బలం ఉంది. ఇది దేవుడు లేకుండా కూడా చేయవచ్చు కదా అని కొందరంటారు. చేయవచ్చు, చాలామంది చేస్తున్నారు. కానీ విశ్వాసికి వందనాలు చెప్పుకోవడానికి ఒకరున్నారు, చెప్పినప్పుడు ఆమెన్ అనే సంఘం పక్కనే ఉంది. రోజంతా గదిలో ఒంటరిగా ఉండే మనిషికి అది చిన్న విషయం కాదు.

దానికన్నా కఠినమైన ప్రశ్న స్వస్థత కూటాల దగ్గర ఎదురవుతుంది. బాగుపడకపోతే విశ్వాసం తక్కువనో, ఇంట్లో ఎవరో పాపం చేశారనో అంటారు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డి గురించి శిష్యులు అడిగిందీ ఇదే. ఆ నిందను యేసు అతని మీదా వేయలేదు, అతని తల్లిదండ్రుల మీదా వేయలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. ఆయన విశ్వాసం తక్కువదని ఏ ప్రసంగికుడూ అనడు. కీర్తనల గ్రంథంలో స్తుతి ఎంత ఉందో, ఇంకెన్నాళ్లని దేవుణ్ని నిలదీసే మొర కూడా అంత ఉంది. ఏడవడానికి చోటివ్వకుండా స్తోత్రం మాత్రమే అడిగే సంఘం వాక్యంలో సగమే చదువుతోంది.

కృతజ్ఞత మనిషిని నోరెత్తనివ్వదని, పెట్టింది తిని ఊరుకోమంటుందని హక్కుల కార్యకర్తల అభ్యంతరం. అందులో నిజముంది. వికలాంగులను అలా ఊరుకోబెట్టినవాళ్లు చర్చిలోనూ ఉన్నారు, బయటా ఉన్నారు. కానీ మేలుకు వందనాలు చెప్పడం వేరు, హక్కును దానంగా పుచ్చుకోవడం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలైంది. అది ఎవరి దయా కాదు. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం కోసం శిబిరానికి పోయే మనిషి చేతులు జోడించి నిలబడనక్కర్లేదు. ఇంకో సంగతి మన సంఘపెద్దల్లో చాలామందికి తెలియదు: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రజా భవనాలంటే ఏవో చెబుతూ, మతపరమైన కార్యక్రమాలకు జనం వచ్చే భవనాలనూ అందులో చేర్చింది. అంటే చర్చికి వాలుదారి కట్టడం ఇష్టముంటే చేసే పుణ్యకార్యం కాదు. మార్కు సువార్తలో పక్షవాయువుగల మనిషిని నలుగురు ఇంటికప్పు విప్పి యేసు ముందు దించారు. మన పెద్దలు కప్పు విప్పక్కర్లేదు. ఈ క్రిస్మస్‌కు సున్నం వేయించే ముందు మెట్ల పక్కన వాలుదారి కట్టించి, చాపల వరుసలో నాలుగు కుర్చీలు వేయించండి. 'మోకరిద్దాం' అనే చోట 'వీలైనవాళ్లు మోకరిద్దాం' అనండి.